యూనిట్ – 6 : కళాశాల విద్యార్థులు – పెట్టుబడి పట్ల అవగాహన, ఆచరణ

విషయక్రమం

6.0 లక్ష్యాలు
6.1 పరిచయం
6.2 పొదుపు, పెట్టుబడి, స్పెక్యులేషన్
6.3 విద్యార్థుల అభిప్రాయాలను రూపొందించే అంశాలు
6.4 విద్యార్థులలో కనిపించే మూడు వైఖరులు
6.5 ఒక సందర్భ పరిశీలన
6.6 గణాంకాలు ఏమి చెబుతున్నాయి?
6.7 మనసు చేసే పొరపాట్లు
6.8 విద్యార్థి పెట్టుబడికి సరైన క్రమం
6.9 సారాంశం
6.10 ముఖ్య పదాలు
6.11 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – జవాబులు
6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

6.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
• పొదుపు, పెట్టుబడి, స్పెక్యులేషన్‌ల మధ్య తేడాను వివరించగలుగుతారు.
• పెట్టుబడి పట్ల విద్యార్థుల అభిప్రాయాలు ఎక్కడి నుండి ఏర్పడతాయో గుర్తించగలుగుతారు.
• నెలవారీ వడ్డీని వార్షిక రేటుగా మార్చి, ఒక పథకాన్ని అంచనా వేయగలుగుతారు.
• యువ ట్రేడర్ల నష్టాల గురించి సెబీ అధ్యయనాలు చెప్పిన విషయాలను విశ్లేషించగలుగుతారు.
• మీ ఆదాయానికి తగిన పెట్టుబడి క్రమాన్ని రూపొందించుకోగలుగుతారు.

6.1 పరిచయం

గత యూనిట్‌లలో బ్యాంకులు, బీమా, మూలధన మార్కెట్ల గురించి తెలుసుకున్నారు. అవి సంస్థల గురించిన పాఠాలు. ఈ యూనిట్ మనుషుల గురించినది. ముఖ్యంగా 18 నుండి 25 సంవత్సరాల మధ్య వయసులో ఉండి, చదువుకుంటూ, మొదటిసారిగా తమ పేరున బ్యాంకు ఖాతా, పాన్ కార్డు, చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్నవారి గురించినది. మీరు కూడా వారిలో ఒకరు కావచ్చు. లేదా ఉద్యోగమో, వ్యవసాయమో, ఇంటి బాధ్యతలో చూసుకుంటూ చదువుతూ, కళాశాలకు వెళ్ళే పిల్లలకో తమ్ముళ్ళకో చెల్లెళ్ళకో సలహా చెప్పవలసిన స్థానంలో ఉండవచ్చు.

ఒక తరం క్రితం షేరు కొనాలంటే దరఖాస్తు ఫారాలు నింపి, బ్రోకరు కార్యాలయానికి వెళ్ళవలసి వచ్చేది. ఆ కార్యాలయాలు పెద్ద పట్టణాలలోనే ఉండేవి. ఇప్పుడు 18 సంవత్సరాలు నిండినవారు ఎవరైనా ఇంటి నుండే డీమ్యాట్ ఖాతా తెరవవచ్చు. మార్కెట్‌లోకి ప్రవేశించడం సులభమైంది. కాని ప్రవేశించే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు మాత్రం మారలేదు. విద్యార్థి సాధారణంగా మొదట అడిగే ప్రశ్న "ఎంత వస్తుంది?" అన్నది. దానికన్నా ముందు అడగవలసినవి మూడు ఉన్నాయి: ఈ డబ్బు ఎందుకు? ఎప్పటికి కావాలి? పోతే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలు అడగకపోవడం వల్ల ఏమి జరుగుతుందో, అడిగితే ఏమి మారుతుందో ఈ యూనిట్‌లో పరిశీలిద్దాం.

6.2 పొదుపు, పెట్టుబడి, స్పెక్యులేషన్

ఈ మూడు పదాలను నిత్యజీవితంలో ఒకదానికి బదులు మరొకటి వాడుతుంటాం. అర్థశాస్త్ర విద్యార్థిగా మీరు వీటిని వేరుచేసి చూడాలి.

పొదుపు: ఆదాయంలో నుండి ఖర్చు చేయకుండా మిగిల్చిన భాగం పొదుపు. దీని ముఖ్యోద్దేశం భద్రత, అవసరానికి అందుబాటు. పొదుపు ఖాతా, పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ దీనికి ఉదాహరణలు. బ్యాంకు డిపాజిట్‌కు ఒక బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటరుకు వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల వరకు బీమా రక్షణ ఉంది. ఈ పరిమితి 2020 ఫిబ్రవరి నుండి అమలులో ఉంది.

పెట్టుబడి: ఆదాయాన్ని సృష్టించే ఆస్తిలో, కొంతకాలం పాటు, తెలిసి కొంత నష్టభయాన్ని భరిస్తూ డబ్బును ఉంచడం పెట్టుబడి. ఒక కంపెనీ షేరు కొంటే ఆ కంపెనీ సంపాదనలో మీరు భాగస్వాములవుతారు. ప్రతిఫలం ఆ సంపాదన నుండి వస్తుంది. అందుకు సంవత్సరాల సమయం కావాలి.

స్పెక్యులేషన్: ఆస్తి ఏమి సంపాదిస్తుందన్నదానితో సంబంధం లేకుండా, ధర సమీప కాలంలో ఎటు కదులుతుందో ఊహించి లాభం కోసం ప్రయత్నించడం స్పెక్యులేషన్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ అసలు ఏర్పడింది నష్టభయాన్ని మరొకరికి బదిలీ చేయడానికి. పత్తి వ్యాపారి ధర పడిపోతుందన్న భయంతో ముందే ధర ఖాయం చేసుకోవడం అటువంటిదే. అయితే కాపాడుకోవలసిన సరుకు ఏదీ లేనివారు వాటిని కొన్నప్పుడు అది స్పెక్యులేషన్ అవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఆప్షన్ ప్రీమియం 40 రూపాయలు, ఒక లాట్‌లో 75 యూనిట్లు అనుకుందాం. కొనుగోలుదారు 3,000 రూపాయలు చెల్లించాలి. గడువు తేదీనాటికి సూచీ అతడు ఊహించిన స్థాయిని చేరకపోతే ఆ ఆప్షన్ విలువ సున్నా. షేరు ధర పడిపోయినా షేరు మీ ఖాతాలో ఉంటుంది, ఎదురుచూడవచ్చు. గడువు తీరిన ఆప్షన్‌కు ఎదురుచూపు లేదు. ఈ తేడా తెలియకనే చాలామంది విద్యార్థులు రెండింటినీ 'స్టాక్ మార్కెట్' అన్న ఒకే పేరుతో పిలుస్తారు.

6.3 విద్యార్థుల అభిప్రాయాలను రూపొందించే అంశాలు

6.3.1 ఇల్లు

పెట్టుబడి గురించిన మొదటి పాఠం పుస్తకంలో ఉండదు, ఇంట్లో ఉంటుంది. తెలుగు కుటుంబాలలో ఈ పాఠం ఎక్కువగా నాలుగు రూపాల్లో వస్తుంది: అమ్మ పొదుపు సంఘం, నాన్న కట్టే చిట్టీ, బంగారం, స్థలం.

చిట్టీ ఎలా పనిచేస్తుందో చూడండి. 20 మంది సభ్యులు నెలకు 1,000 రూపాయల చొప్పున 20 నెలలు కడతారు. ఐదో నెల పాటలో ఒకరు 4,000 రూపాయలు తగ్గించుకొని చిట్టీ పాడుకున్నారనుకుందాం. ఆయన చేతికి 16,000 వస్తాయి. వదులుకున్న 4,000లో నిర్వాహకుని కమీషన్ 5 శాతం, అంటే 1,000 పోగా, మిగిలిన 3,000 సభ్యులందరికీ 150 చొప్పున పంచుతారు. కనుక ఆ నెల ఒక్కొక్కరు కట్టేది 850. ముందుగా పాడుకున్నవారికి చిట్టీ అప్పు, చివరి వరకు ఆగినవారికి అది పొదుపు. ఈ రెండు స్వభావాలూ ఒకే పథకంలో ఉండడమే దాని ప్రత్యేకత. చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం చిట్టీలను రిజిస్టరు చేయాలి. ఇంటి దగ్గర నోటిమాట మీద నడిచే చిట్టీలకు ఆ చట్టం ఇచ్చే రక్షణ దొరకదు.

బంగారం విషయంలో ఇంట్లో సాధారణంగా చెప్పని లెక్క ఒకటి ఉంది. నగ కొన్నప్పుడు తరుగు, మజూరీ, జి.ఎస్.టి. కలిపి చెల్లిస్తాం. అమ్మినప్పుడు ఇవి తిరిగి రావు. అందువల్ల నగ ప్రధానంగా అలంకరణ వస్తువు, ఆపదలో తాకట్టుకు పనికివచ్చే ఆస్తి. దాని ధర పెరుగుదల మొత్తం లాభం కాదు. స్థలానికి పెద్ద మొత్తం కావాలి, అవసరానికి వెంటనే అమ్ముడుపోదు. ఇంట్లో విన్నదాని నుండి విద్యార్థి తీసుకునే సందేశం: "పెట్టుబడి అంటే లక్షలు ఉన్నప్పుడు చేసేది."

6.3.2 వడ్డీ లెక్క

మన గ్రామాలలో, పట్టణాలలో వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. 'రెండు రూపాయల వడ్డీ' అంటే నెలకు 2 శాతం, సంవత్సరానికి 24 శాతం. ఈ లెక్క వింటూ పెరిగిన వారికి బ్యాంకు ఇచ్చే 7 శాతం చాలా తక్కువగా కనిపిస్తుంది. అది వార్షిక రేటు అన్న సంగతి తెలిసినా మనసుకు ఎక్కదు. అదే సమయంలో "నెలకు 5 శాతం ఖచ్చితం" అనే ప్రకటన అసాధ్యంగా అనిపించదు.

ఇక్కడ మన ఊరి లెక్కనే తిప్పి వేయండి. నెలకు 5 శాతం అంటే ఐదు రూపాయల వడ్డీ, సంవత్సరానికి 60 శాతం. ఊళ్ళో ఐదు రూపాయల వడ్డీకి అప్పు ఎవరు తీసుకుంటారు? ఇంకెక్కడా పుట్టనివారు. మీకు నెలకు 5 శాతం ఇస్తానన్న సంస్థ మీ దగ్గర ఐదు రూపాయల వడ్డీకి అప్పు తీసుకుంటున్నట్లే. నిజంగా అంత లాభం వచ్చే వ్యాపారం ఉంటే బ్యాంకు దానికి ఎంతో తక్కువ వడ్డీకి రుణం ఇస్తుంది. మరి మీ దగ్గరకు ఎందుకు వచ్చింది? ఈ ఒక్క ప్రశ్న అడగగలిగితే చాలా మోసాల నుండి తప్పించుకోవచ్చు. అధిక ప్రతిఫలం ఆశ చూపిన అగ్రిగోల్డ్ వంటి సంస్థలలో రెండు తెలుగు రాష్ట్రాల లక్షలాది చిన్న డిపాజిటర్లు డబ్బు పోగొట్టుకొని సంవత్సరాల తరబడి ఎదురుచూశారు. అటువంటి పథకాలను అరికట్టడానికే పార్లమెంటు 2019లో అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టాన్ని చేసింది.

6.3.3 తోటివారు, ఫోను

మూడో ప్రభావం స్నేహితులది, సామాజిక మాధ్యమాలది. హాస్టలు గదిలో ఒకరు లాభం వచ్చిన రోజు ఫోను తెర చూపిస్తారు. నష్టం వచ్చిన రోజు చూపించరు. కనుక గదిలోని మిగిలినవారు చూసేది లాభాలు మాత్రమే. వీడియోలలోనూ అంతే. నష్టపోయి తప్పుకున్నవారు వీడియోలు చేయరు కదా. అంతేకాక, కొందరు 'బోధకుల' ఆదాయం మార్కెట్ నుండి కాక, కోర్సుల అమ్మకం నుండి, ఖాతాలు తెరిపించినందుకు వచ్చే కమీషన్ నుండి వస్తుంది. సెబీ 2024లో తన వద్ద నమోదైన బ్రోకర్లు, ఇతర సంస్థలు, నమోదు లేకుండా సలహాలిచ్చే ఇటువంటి వ్యక్తులతో సంబంధాలు పెట్టుకోకుండా నిబంధనలు తెచ్చింది. 2025 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, విద్య పేరుతో మాట్లాడేవారు గత మూడు నెలల షేరు ధరలను వాడి భవిష్యత్తు ధరల గురించి చెప్పకూడదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1

1. చిట్టీ ఎవరికి అప్పు, ఎవరికి పొదుపు?
2. 'మూడు రూపాయల వడ్డీ' వార్షికంగా ఎంత శాతం?
3. తోటివారి లాభాలు చూసి మార్కెట్‌ను అంచనా వేయడంలో ఉన్న లోపం ఏమిటి?

6.4 విద్యార్థులలో కనిపించే మూడు వైఖరులు

పై ప్రభావాల నుండి విద్యార్థులలో మూడు రకాల వైఖరులు ఏర్పడతాయి. ఒకే వ్యక్తిలో వేర్వేరు సమయాల్లో మూడూ కనిపించవచ్చు.

(అ) "ఉద్యోగం వచ్చాక చూద్దాం": చేతిలో ఉన్నది కొద్ది మొత్తం, దానితో ఏమవుతుంది అన్న భావన ఇది. ఇందులో కొంత నిజం, కొంత పొరపాటు ఉన్నాయి. పొరపాటు కాలం విలువను మరచిపోవడంలో ఉంది. నెలకు 500 రూపాయల చొప్పున 7 శాతం వార్షిక రేటుతో, నెలనెలా చక్రవడ్డీ లెక్కన 30 సంవత్సరాలు జమచేస్తే, కట్టిన 1,80,000 సుమారు 6,10,000 అవుతుంది. పదేళ్ళు ఆలస్యంగా మొదలుపెట్టి 20 సంవత్సరాలు కడితే, కట్టిన 1,20,000 సుమారు 2,60,000 మాత్రమే అవుతుంది. కట్టినదానిలో తేడా 60,000 అయితే, చేతికి వచ్చేదానిలో తేడా దాదాపు 3,50,000. ధరలు పెరగడం వల్ల అప్పటికి రూపాయి కొనుగోలు శక్తి తగ్గుతుందన్నది నిజమే, కాని రెండింటి మధ్య నిష్పత్తి మారదు.

(ఆ) "మార్కెట్ అంటే జూదం": ఈ భయానికి కారణాలు లేకపోలేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు ఖాతాలలో తప్పుడు లెక్కలు చూపినట్లు ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ఉన్న షేరు ఆ ఒక్కరోజే 40 రూపాయల దగ్గరకు పడిపోయింది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న సంస్థ కావడంతో తెలుగు కుటుంబాలలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. అయితే దాని నుండి నేర్చుకోవలసిన పాఠం 'షేర్లు కొనకూడదు' అన్నది కాదు. ఉన్నదంతా ఒకే షేరులో పెట్టకూడదన్నది. అదే షేరు 50 కంపెనీలున్న ఒక ఫండ్‌లో 2 శాతం భాగంగా ఉంటే, ఆ రోజు నష్టం మొత్తం పెట్టుబడిలో 2 శాతం లోపే ఉండేది. దీనినే వివిధీకరణ అంటారు.

(ఇ) "తొందరగా సంపాదించాలి": ఇది అత్యాశ మాత్రమే అనుకోకండి. విద్యారుణం, ఇంటి పరిస్థితి, ఉద్యోగం వస్తుందో రాదో అన్న ఆందోళన దీని వెనుక ఉంటాయి. ఇంటికి భారం కాకూడదన్న మంచి ఉద్దేశమే చాలామందిని ఈ దారి పట్టిస్తుంది. ఈ వైఖరి ఎక్కడికి తీసుకువెళుతుందో తరువాతి విభాగంలో చూద్దాం.

6.5 ఒక సందర్భ పరిశీలన

ఇది బోధన కోసం కల్పించిన సందర్భం. ఒక జిల్లా కేంద్రంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న విద్యార్థి. తల్లిదండ్రులు టిఫిన్ బండి నడుపుతారు. ఫీజు, గది అద్దె కోసం తండ్రి 12,000 రూపాయలు పంపారు. గదిలోని స్నేహితుడు ఆప్షన్స్‌లో వచ్చిన లాభం చూపించాడు. ఇతడు తాను దాచుకున్న 2,000తో మొదలుపెట్టాడు. మూడు రోజుల్లో అది 3,400 అయింది. "ఫీజు కట్టడానికి ఇంకా పది రోజులుంది కదా" అనుకొని ఫీజు డబ్బులో నుండి 6,000 కలిపాడు. వారాంతపు గడువు రోజు సాయంత్రానికి 9,400లో మిగిలింది 900.

ఫీజు డబ్బు తిరిగి రాబట్టాలని ఒక రుణ యాప్‌లో 5,000 అప్పు తీసుకున్నాడు. ప్రాసెసింగ్ రుసుము పోగా చేతికి వచ్చింది 4,200. 30 రోజులలో 5,000 కట్టాలి. అంటే 4,200పై నెలకు 800, సుమారు 19 శాతం. మన లెక్కలో పంతొమ్మిది రూపాయల వడ్డీ. మిగిలిన 900తో కలిపి 5,100 పెట్టాడు, రెండు రోజుల్లో అదీ పోయింది. సొంత డబ్బు 2,000, ఫీజు 6,000, అప్పు 5,000 కలిపి మొత్తం నష్టం 13,000. ఫోన్లు మొదలయ్యాక ఇంట్లో చెప్పాడు. తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టి కట్టారు.

ఈ సందర్భంలో అతడు ఏ రోజు తప్పు చేశాడు? నష్టం వచ్చిన రోజు అని చాలామంది అంటారు. జాగ్రత్తగా ఆలోచించండి. ఫీజు డబ్బుకు పని, తేదీ రెండూ ముందే నిర్ణయమై ఉన్నాయి. ఆ డబ్బు పోతే కట్టడానికి వేరే మార్గం లేదు. అంటే మనం మొదట చెప్పుకున్న మూడు ప్రశ్నలకూ జవాబు స్పష్టంగా ఉంది. లాభం వచ్చి ఉన్నా సరే, 6,000 కలిపిన నిర్ణయం తప్పే. ఫలితం బాగుంటే నిర్ణయం బాగున్నట్లు కాదు.

6.6 గణాంకాలు ఏమి చెబుతున్నాయి?

పై సందర్భం కల్పితమైనా దాని పోకడ కల్పితం కాదు. భారత సెక్యూరిటీలు, ఎక్స్ఛేంజి బోర్డు (సెబీ) ఈ విషయంపై ప్రచురించిన అధ్యయనాలను గమనించండి.

• 2024 సెప్టెంబరు అధ్యయనం ప్రకారం 2021-22 నుండి 2023-24 వరకు మూడు సంవత్సరాలలో ఈక్విటీ ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో పాల్గొన్న కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి ఒక్కొక్కరి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది.
• ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం పొందినవారు 1 శాతం మాత్రమే.
• ఈ ట్రేడర్లలో 30 ఏళ్ళ లోపువారి వాటా 2022-23లో 31 శాతం ఉండగా, 2023-24లో 43 శాతానికి పెరిగింది.
• వరుసగా రెండు సంవత్సరాలు నష్టపోయిన తరువాత కూడా నాలుగింట మూడు వంతులకు పైగా ట్రేడింగ్ కొనసాగించారు.
• షేర్లను అదే రోజు కొని అమ్మే ఇంట్రాడే ట్రేడింగ్‌పై 2024 జులైలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2022-23లో ప్రతి పదిమందిలో ఏడుగురు నష్టపోయారు. 30 ఏళ్ళ లోపువారిలో నష్టపోయినవారు 76 శాతం.

ఇంతమంది పోగొట్టుకున్న డబ్బు ఎవరికి చేరింది? అదే సెప్టెంబరు అధ్యయనం ప్రకారం, 2023-24లో సొంత ఖాతాపై వ్యాపారం చేసే సంస్థలు సుమారు 33,000 కోట్లు, విదేశీ పెట్టుబడి సంస్థలు సుమారు 28,000 కోట్లు స్థూల లాభం పొందాయి. ఆ లాభాలలో 95 శాతానికి పైగా కంప్యూటర్ ప్రోగ్రాముల ద్వారా నడిచే అల్గారిథమ్ ట్రేడింగ్ నుండి వచ్చాయి. పాఠాల మధ్య విరామంలో ఫోను చూసి ఆప్షన్ కొనే విద్యార్థికి ఎదురుగా నిలబడి ఉన్నది ఇటువంటి పోటీదారు.

ఖర్చులను కూడా లెక్కించాలి. ఆర్డరుకు 20 రూపాయల బ్రోకరేజీ చిన్నదిగా కనిపిస్తుంది. 2,000 రూపాయల ఆప్షన్ కొని అమ్మితే రెండు ఆర్డర్లకు 40 రూపాయలు, అంటే 2 శాతం. పన్నులు, ఇతర రుసుములు అదనం. పెట్టుబడి చిన్నదయ్యేకొద్దీ స్థిర రుసుముల భారం పెరుగుతుంది.

6.7 మనసు చేసే పొరపాట్లు

నష్టపోయినా ఎందుకు ఆపరు? దీనికి ప్రవర్తనా అర్థశాస్త్రం కొన్ని సమాధానాలు ఇస్తుంది.

నష్టవిముఖత: డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన ప్రాస్పెక్ట్ సిద్ధాంతం ప్రకారం, ఒక మొత్తం వస్తే కలిగే సంతోషం కన్నా అంతే మొత్తం పోతే కలిగే బాధ ఎక్కువ. నష్టంలో ఉన్నప్పుడు మనిషి దానిని ఒప్పుకోవడానికి బదులు మరింత నష్టభయానికి సిద్ధపడతాడు. మన సందర్భంలోని విద్యార్థి అప్పు తీసుకున్నది అందుకే. 'పోయినచోటే రాబట్టాలి' అన్న మాట మార్కెట్‌కు తెలియదు.

అతివిశ్వాసం: మొదటి మూడు రోజుల లాభాన్ని అతడు తన నైపుణ్యమనుకున్నాడు. బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడీన్ అమెరికాలో 1991 నుండి 1996 వరకు 66,465 కుటుంబాల ఖాతాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యధికంగా కొని అమ్మినవారికి వచ్చిన వార్షిక ప్రతిఫలం 11.4 శాతం కాగా, అదే కాలంలో మార్కెట్ ప్రతిఫలం 17.9 శాతం. ఎక్కువ కదిలినవారే వెనుకబడ్డారు.

మానసిక ఖాతాలు: రిచర్డ్ థేలర్ వివరించిన ఈ భావన ప్రకారం, మనం డబ్బును మనసులోనే వేర్వేరు డబ్బాలలో వేసుకుంటాం. "లాభంగా వచ్చిన 1,400 పోతే పోనీ" అనుకోవడం దీనికి ఉదాహరణ. ఈ అలవాటును మన మేలుకు కూడా వాడుకోవచ్చు. వంటింట్లో అమ్మ పాల డబ్బు, బియ్యం డబ్బు, పండుగ డబ్బు వేర్వేరు డబ్బాలలో దాచేది అందుకే. ఫీజు డబ్బాను ఏ పరిస్థితిలోనూ తెరవకూడదన్న నియమం ఆ విద్యార్థిని కాపాడి ఉండేది.

వీటితోపాటు నష్టం లెక్కను గుర్తుంచుకోండి. 10,000లో 50 శాతం పోతే 5,000 మిగులుతుంది. మళ్ళీ 10,000 కావాలంటే 50 శాతం లాభం చాలదు, 100 శాతం లాభం రావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2

4. సెబీ 2024 సెప్టెంబరు అధ్యయనం ప్రకారం ఎంత శాతం వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు?
5. నష్టవిముఖత అంటే ఏమిటి?
6. 20 శాతం నష్టాన్ని పూడ్చుకోవడానికి ఎంత శాతం లాభం కావాలి?

6.8 విద్యార్థి పెట్టుబడికి సరైన క్రమం

ముందుగా ఒక వాస్తవం. విద్యార్థి దగ్గర ఉన్నది 10,000 రూపాయలు అనుకుందాం. దానిపై 7 శాతం వస్తే సంవత్సరానికి 700, 15 శాతం వస్తే 1,500. తేడా 800 రూపాయలు. ఈ 800 కోసం అసలు 10,000ను ప్రమాదంలో పెట్టడం, రోజుకు రెండు గంటలు తెర చూడడం లాభసాటి కాదు. మొత్తం చిన్నదిగా ఉన్నప్పుడు ప్రతిఫలం రేటు జీవితాన్ని మార్చదు. ఆ దశలో మూడు విషయాలు ముఖ్యం: అప్పులో పడకపోవడం, క్రమం తప్పని అలవాటు, సంపాదన పెంచే నైపుణ్యం. దీని ఆధారంగా ఈ క్రింది క్రమాన్ని పాటించవచ్చు.

మొదటి మెట్టు – డబ్బుకు తేదీ వేయండి: ఫీజు, అద్దె, పరీక్ష రుసుము వంటి సంవత్సరంలోపు కావలసిన డబ్బు పొదుపు ఖాతాలో లేదా స్వల్పకాలిక డిపాజిట్‌లో మాత్రమే ఉండాలి.

రెండో మెట్టు – అప్పు తీర్చండి: రెండు రూపాయల వడ్డీ అప్పు తీర్చడం అంటే సంవత్సరానికి 24 శాతం ఖర్చును ఖచ్చితంగా తప్పించుకోవడం. అంత ఖచ్చితమైన ప్రతిఫలం ఏ పెట్టుబడీ ఇవ్వదు. అప్పు తెచ్చి ఎప్పుడూ పెట్టుబడి పెట్టకండి.

మూడో మెట్టు – ఆపద నిధి: సంపాదిస్తున్నవారు మూడు నుండి ఆరు నెలల ఖర్చులు ఉంచుకోవాలంటారు. విద్యార్థికి ఒక నెల ఖర్చుతో మొదలుపెట్టినా చాలు. జ్వరం వచ్చినా, ఫోను పాడైనా రుణ యాప్ తెరవకుండా ఇది ఆపుతుంది.

నాలుగో మెట్టు – నైపుణ్యం: టైపింగ్, ట్యాలీ, భాష, పోటీ పరీక్షల పుస్తకాలు, మీ వృత్తికి కావలసిన పనిముట్లు కూడా పెట్టుబడులే. నెలకు 1,000 రూపాయలు అదనపు సంపాదన తెచ్చే 5,000 రూపాయల శిక్షణతో పోటీపడగల షేరు దొరకడం కష్టం.

ఐదో మెట్టు – చిన్న, క్రమమైన పెట్టుబడి: పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌ను నెలకు 100 రూపాయలతో ప్రారంభించవచ్చు, కాలపరిమితి ఐదు సంవత్సరాలు. ప్రజా భవిష్య నిధి (పి.పి.ఎఫ్.) ఖాతాకు సంవత్సరానికి కనీసం 500 రూపాయలు, కాలపరిమితి 15 సంవత్సరాలు. ఐదేళ్ళకు పైగా అవసరం లేని డబ్బు ఉంటే, ఒక సూచీని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో క్రమానుగత పెట్టుబడి (సిప్) చేయవచ్చు. అందులో ధర పడే సంవత్సరాలు కూడా ఉంటాయని ముందే తెలుసుకొని ప్రవేశించాలి. ఖాతాకు నామినీ పేరు తప్పక ఇవ్వండి. జీవిత బీమాను పెట్టుబడిగా చూడకండి. మీ సంపాదనపై ఆధారపడినవారు ఉన్నప్పుడే దాని అవసరం మొదలవుతుంది.

మోసాల విషయంలో జాగ్రత్త: సలహా ఇచ్చేవారు, బ్రోకరు సెబీలో నమోదై ఉన్నారో లేదో సెబీ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. వాట్సాప్, టెలిగ్రామ్ సమూహాలలో పంపే లింకుల ద్వారా ట్రేడింగ్ యాప్‌లను దించుకోకండి. తెర మీద లాభం కనిపిస్తూ, డబ్బు వెనక్కు తీసుకోబోతే 'ముందు పన్ను కట్టండి' అని అడిగితే అది మోసమే. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. నమోదైన సంస్థలపై ఫిర్యాదుకు సెబీ 'స్కోర్స్' వేదిక ఉంది. ఇంట్లోవారికి చెప్పడానికి సిగ్గుపడకండి. దాచిన ప్రతి రోజుకూ వడ్డీ పెరుగుతుంది.

కృత్యం: ఒక కాగితంపై మీ దగ్గర ఉన్న, ఆరు నెలలలో రాబోయే డబ్బును రాయండి. ప్రతి మొత్తం ఎదురుగా మూడు గడులు గీసి – ఎందుకు, ఎప్పటికి, పోతే ఏమవుతుంది – జవాబులు నింపండి. మూడో గడిలో "ఇబ్బంది లేదు" అని నిజాయితీగా రాయగలిగిన మొత్తాన్ని మాత్రమే నష్టభయం ఉన్న పెట్టుబడికి వాడవచ్చు. ఆ మొత్తం సున్నా అయినా చింతించనవసరం లేదు. మీరు మొదటి నాలుగు మెట్లలో ఉన్నారని మాత్రమే దాని అర్థం.

6.9 సారాంశం

పెట్టుబడి పట్ల విద్యార్థుల అభిప్రాయాలు ఇల్లు, నెలవారీ వడ్డీ లెక్క, తోటివారు, సామాజిక మాధ్యమాల నుండి ఏర్పడతాయి. వాటి ఫలితంగా వాయిదా, భయం, తొందర అనే మూడు వైఖరులు కనిపిస్తాయి. యువ ట్రేడర్లలో అత్యధికులు నష్టపోతున్నారని సెబీ అధ్యయనాలు చూపుతున్నాయి. నష్టవిముఖత, అతివిశ్వాసం ఆ నష్టాన్ని పెంచుతాయి. విద్యార్థి దశలో ప్రతిఫలం రేటు కన్నా అప్పు లేకపోవడం, అలవాటు, నైపుణ్యం ముఖ్యమైనవి. "ఎంత వస్తుంది?" అన్నదానికి ముందు "ఎందుకు? ఎప్పటికి? పోతే ఏమవుతుంది?" అని అడగాలి.

6.10 ముఖ్య పదాలు

నష్టభయం: అనుకున్న ప్రతిఫలం రాకపోవడానికి, అసలు తగ్గడానికి ఉన్న అవకాశం.
ద్రవ్యత్వం: ఆస్తిని విలువ కోల్పోకుండా త్వరగా నగదుగా మార్చుకోగలగడం.
వివిధీకరణ: పెట్టుబడిని అనేక ఆస్తుల మధ్య పంచి నష్టభయాన్ని తగ్గించడం.
ఆప్షన్: నిర్ణీత ధరకు, గడువులోపు లేదా గడువు తేదీన కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందం.
సిప్: మ్యూచువల్ ఫండ్‌లో నిర్ణీత మొత్తాన్ని నిర్ణీత కాలవ్యవధిలో జమచేసే విధానం.

6.11 'మీ ప్రగతిని సరిచూసుకోండి' – జవాబులు

1. ముందుగా పాడుకున్నవారికి అప్పు, చివరి వరకు ఆగినవారికి పొదుపు.
2. 36 శాతం.
3. లాభాలు మాత్రమే బయటకు కనిపిస్తాయి, నష్టాలు కనిపించవు.
4. 93 శాతం.
5. లాభం వల్ల కలిగే సంతోషం కన్నా అంతే నష్టం వల్ల కలిగే బాధ ఎక్కువగా ఉండడం.
6. 25 శాతం.

6.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెట్టుబడి పట్ల విద్యార్థుల అభిప్రాయాలను రూపొందించే అంశాలను ఉదాహరణలతో చర్చించండి.
2. సందర్భ పరిశీలనలోని విద్యార్థి నిర్ణయాలను ప్రవర్తనా అర్థశాస్త్ర భావనల ఆధారంగా విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 15 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పెట్టుబడికి, స్పెక్యులేషన్‌కు మధ్య తేడాలను వివరించండి.
2. "నెలకు 5 శాతం ఖచ్చితమైన ఆదాయం" అన్న ప్రకటనను మీరు ఎలా పరీక్షిస్తారు?
3. విద్యార్థి పెట్టుబడి క్రమంలోని ఐదు మెట్లను పేర్కొని, మీకు వర్తించే మెట్టును కారణాలతో వివరించండి.